ద్రవ్యశుద్ధి – ఆలయ నిర్మాణ సామగ్రి: నాడు, నేడు



జీర్ణోద్ధరణ పూర్తియై, పునఃప్రతిష్ఠా మహాకుంభాభిషేకము జరుగుచున్న ఈ శుభవేళ వెలువడు సంచికలో దాతల నామములు, ఉత్సవ వివరములు, స్వామివారి మహిమలు మీరు చదువుదురు. నేను మనవి చేయదలచినది వేరొక సంగతి. శిఖరమును చూచి చేతులు జోడించువారు అందరును. ఆ శిఖరము ఏ సున్నముతో, ఏ ఇటుకతో, ఏ రాతితో నిలిచినదని అడుగువారు అరుదు. మన చాట్రాయి ఆలయ పనిలో రెండు సంవత్సరములపాటు మన పెద్దలకు నిద్ర లేకుండ చేసిన ప్రశ్న అదియే. దానికి శాస్త్రము ఏమి చెప్పినది, చరిత్ర ఏమి చూపినది, నేటి విజ్ఞానము ఏమనుచున్నది, చివరకు మనము ఏమి చేసితిమి అను నాలుగు విషయములను నాకు తెలిసినంతలో వ్రాయుచున్నాను.

శాస్త్రము మాట

జీర్ణోద్ధరణమును గూర్చి అగ్నిపురాణమునందు ఒక చిన్న అధ్యాయము కలదు. పాతది ఏ ప్రమాణమున ఉన్నదో, ఏ ద్రవ్యముతో చేయబడినదో, కొత్తది అదే ప్రమాణమున, అదే ద్రవ్యముతో ఉండవలెనని దాని సారాంశము. శిథిలమైన కొయ్య విగ్రహమును అగ్నికి, శిలావిగ్రహమును నీటికి సమర్పింపవలెనని అందే చెప్పబడినది. ఆ వెంటనే బావులు, దిగుడుబావులు, చెరువులు మొదలగువాని జీర్ణోద్ధరణము కూడ మహాఫలప్రదమని ఉన్నది. దేవాలయమును బాగుచేయుటకు, చెరువును బాగుచేయుటకు పెద్దలు భేదము చూడలేదు. ఈ రెండును ఒకే అధ్యాయమున ఉండుటను మీరు గమనింపవలెను.

ఆరవ శతాబ్దివాడైన వరాహమిహిరుని బృహత్సంహితయందు విగ్రహము కొరకు కొయ్య తెచ్చుటకు అడవిలో ప్రవేశించు విధి ఒక అధ్యాయముగా ఉన్నది. శ్మశానమునందలి చెట్టు, దేవాలయమునందలి చెట్టు, నదీ సంగమమునందలి చెట్టు, నీరు పోసి పెంచిన చెట్టు, పిడుగు పడినది, ఎండినది పనికిరావు. తగిన చెట్టు దొరికిన తరువాత దానికి పూజ చేసి, అందు నివసించు భూతములకు బలి సమర్పించి, వేరొక నివాసమునకు తరలిపొండని ప్రార్థించి, ఆ మీదటనే గొడ్డలి పట్టవలెను. అనగా చెట్టు కొట్టుటకు ముందు దానికి సంజాయిషీ చెప్పుకొనవలెనన్నమాట. అదే గ్రంథమున వజ్రలేపమను ఒక పూత కూడ ఉన్నది. పచ్చి తుమికికాయలు, వెలగకాయలు, బూరుగుపూలు, వస మొదలగువానిని నీటిలో కాచి, ఎనిమిదవ వంతు మిగులునట్లు ఇంకించి, గుగ్గిలము వంటి జిగురులు కలిపి, వేడిగా గోడలకును ప్రాసాదములకును పూయుమని చెప్పినాడు. ఆ పేర్లు చదివినపుడు నాకు మన తమ్మిలేటి గట్ల వెంట ఉన్న చెట్లే కన్నులకు కట్టినవి.

కొయ్య నుండి రాతికి

మనకు తూర్పుగా ఒక పూట ప్రయాణములో, కామవరపుకోట సమీపమున జీలకర్రగూడెమువద్ద గుంటుపల్లి బౌద్ధ గుహలు ఉన్నవి. అవి క్రీస్తు పూర్వపు శతాబ్దుల నాటివి. అందు గుండ్రని చైత్యగృహము ఒకటి ఉన్నది. లోపలికి పోయి పైకి చూచినచో రాతి కప్పునందు కొయ్య దూలములవలె వంపు తిరిగిన వాసములు చెక్కబడి ఉండును. వాకిలి ముందుభాగమును కొయ్యపనిని అనుకరించునదే. రాతికి వాసములతో అవసరమేమి? అంతకు ముందు చైత్యములను కొయ్యతోను గడ్డితోను కట్టెడివారు. రాతిలో తొలిచిననాడు కూడ శిల్పికి కొయ్య ఆకారమే దేవాలయాకారముగా తోచినది. ఆ కొయ్య కట్టడములు ఏనాడో మట్టిలో కలిసినవి. వాని ఆకారము మాత్రము రాతిలో మిగిలినది. ద్రవ్యము మారినను సంప్రదాయము తెగిపోలేదనుటకు ఇంతకు మించిన సాక్ష్యము మన పరిసరములలో లేదు.

అమరావతి నేర్పిన రెండు పాఠములు

అమరావతి మహాస్తూపమునకు పల్నాటి సున్నపురాతి ఫలకములు వాడినారు. వానిలో కొన్నింటికి రెండు వైపులను శిల్పము ఉన్నది. క్రీస్తు పూర్వము చెక్కిన ఫలకమును రెండు మూడు శతాబ్దుల తరువాతి శిల్పులు పారవేయలేదు. వెనుకకు త్రిప్పి రెండవ ముఖమున కొత్త శిల్పము చెక్కి మరల నిలిపినారు. అట్టి ఫలకము ఒకటి నేడు లండనునందలి బ్రిటిష్ మ్యూజియములో ఉన్నది. ఉన్న రాతిని వ్యర్థపరచక వాడుకొనుట మన ఆంధ్రదేశమున అంత పాతది.

రెండవ పాఠము బాధాకరమైనది. 18వ శతాబ్ది చివర ఆ దిబ్బను త్రవ్వినపుడు ఫలకములు గృహములకు, మెట్లకు తరలిపోయినవి. 1797లో కర్నల్ మెకంజీ అక్కడకు వచ్చి చూచువేళకే చాల నష్టము జరిగినది. తరువాతి కాలమున కూడ ఎన్నో శిల్పఫలకములు సున్నపుబట్టీలలో కాలిపోయినవి. సున్నపురాయి గనుక కాల్చిన సున్నమగును. అంతియే కాల్చినవారి ఆలోచన. బుద్ధుని కథలు చెక్కిన రాయి గోడకు వెల్లగా మారినది. ద్రవ్యము విలువ మాత్రమే చూచి, దానిలోని పని విలువ చూడనిచో జరుగునది ఇదియే. మనము పాత మండపమును పడగొట్టి రాళ్లను కంకరయంత్రమునకు పంపినను ఆ దోషమునకు భిన్నము కాదు.

పాలంపేట శిల్పుల వివేకము

కాకతి గణపతిదేవ చక్రవర్తి సేనాని రేచర్ల రుద్రుడు 1213లో పాలంపేటయందు కట్టించిన రుద్రేశ్వరాలయమును నేడు రామప్ప దేవాలయమని అందరును ఎరుగుదురు. 2021 జూలై 25న యునెస్కో దానిని ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తించినది. ఆ శిల్పులు పునాది గోతిని ఇసుకతో నింపి దానిపై గుడిని నిలిపినారు. గోడలకు మెత్తని ఇసుకరాయి, నగిషీ కావలసిన మదనికలకు గట్టి నల్లరాయి వాడినారు. శిఖరమునకు మాత్రము నీటిపై తేలునంత తేలికైన, సన్నని రంధ్రములు గల ఇటుకలు ప్రత్యేకముగా కాల్చినారు. క్రింద భారము, పైన లాఘవము. ఎక్కడ ఏ ద్రవ్యము అవసరమో అక్కడ అదియే. అన్నిటికిని ఒకే రాయి, ఒకే సిమెంటు అను ఆలోచన వారికి లేదు. గుడి ప్రక్కనే చెరువును కూడ త్రవ్వించినారు. అగ్నిపురాణమున చెప్పిన గుడి, చెరువుల జంట అక్కడ కన్నులార చూడవచ్చును.

సున్నమునకు, సిమెంటునకు భేదము

సున్నపురాతిని సుమారు 900 డిగ్రీల వేడిమిలో కాల్చిన 100 పాళ్లలో 44 పాళ్లు బొగ్గుపులుసు వాయువుగా ఎగిరిపోయి 56 పాళ్లు సున్నముగా మిగులును. ఆ సున్నమును నీటిలో విరియించి, మాగబెట్టి, గానుగలో ఇసుకతోను ఇటుకపొడితోను నూరి గోడకు పెట్టినపుడు, అది గాలిలోని అదే వాయువును మెల్లమెల్లగా తిరిగి గ్రహించి మరల రాయిగా మారును. తీసుకొన్న దానిలో కొంత తిరిగి ఇచ్చు స్వభావము సున్నమునకు ఉన్నది. బట్టీకి వాడిన కట్టెల పొగ మాత్రము వెనుకకు రాదు. ఆ సంగతి దాచరాదు.

1824లో ఇంగ్లండు తాపీమేస్త్రి జోసెఫ్ ఆస్పిడిన్ పోర్ట్‌లండ్ సిమెంటుకు హక్కు పొందినాడు. సిమెంటునకు సుమారు 1450 డిగ్రీల వేడిమి కావలెను. నేడు మానవుల వలన పుట్టు బొగ్గుపులుసు వాయువులో ఏడెనిమిది శాతము ఈ ఒక్క పరిశ్రమదే. సిమెంటు చెడ్డదని నేననను. ఆనకట్టలకు, వంతెనలకు అది లేనిదే గడవదు. కాని పాత సున్నపు గోడపై సిమెంటు పూత పూసిన అది గోడ ఊపిరి బిగించినట్లగును. నేల నుండి ఎక్కిన తేమ బయటకు పోలేక లోపలనే నిలిచి, లవణము పొంగి, ఇటుకను పిండి చేయును. సిమెంటు కప్పులోని ఇనుము తుప్పు పట్టి ఉబ్బినపుడు కప్పు తానే పగులును.

ఇది పుస్తకములు చదివి నేర్చినది కాదు. నేను అర్చకత్వము స్వీకరించిన తొలి సంవత్సరములలో మన ఆలయ గోడలకు ఒక పనివారి చేత సిమెంటు పూయించి, పైన నూనె రంగులు వేయించినారు. ఆ నాడు నేనును సంతోషించితిని. గుడి పెండ్లికొడుకువలె ఉన్నదని అందరితో అంటిని. పది వర్షాకాలములు గడువకముందే గర్భాలయపు పడమటి గోడ చెమర్చసాగినది. అభిషేకజలము కాబోలునని కొంత కాలము సరిపెట్టుకొంటిని. మొన్న ఆ పూత విప్పించి చూచినపుడు లోపలి ఇటుక చేతికి మట్టివలె రాలినది. పూత లేని తూర్పు గోడ మాత్రము గట్టిగా ఉన్నది. ఆ గోడల ముందు నిలబడి నా సంతోషమునకు నేనే సిగ్గుపడితిని.

హరిత భవనములు – కొత్త పేరు

2001లో భారత పరిశ్రమల సమాఖ్య ఆధ్వర్యమున, హైదరాబాదు కేంద్రముగా, భారత హరిత భవన మండలి ఏర్పడినది. 2004 జూలైలో అప్పటి రాష్ట్రపతి అబ్దుల్ కలాం గారు హైదరాబాదులో ప్రారంభించిన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వ్యాపార కేంద్రము అమెరికాకు చెందిన లీడ్ విధానమున 69 మార్కులకు 56 పొంది ప్లాటినం శ్రేణి సాధించినది. అమెరికా వెలుపల ఆ గౌరవము పొందిన మొదటి భవనము అదియే. మన తెలుగు గడ్డపై ఈ ఘనత జరిగినదని చాలమంది ఎరుగరు.

ఆ విధానమున సామగ్రికి మార్కులిచ్చు పద్ధతి ఎట్టిదన, ఉన్న కట్టడమును పడగొట్టక నిలుపుకొన్న మార్కు, పాత సామగ్రిని తిరిగి వాడిన మార్కు. దగ్గరి సామగ్రి వాడిన మార్కు, తొలి నియమములలో ఈ దూరమును 500 మైళ్లుగా పెట్టినారు. వెదురువలె పది సంవత్సరముల లోపల పెరిగి కోతకు వచ్చునది వాడిన మార్కు. అడవిని నాశనము చేయక తెచ్చిన కొయ్య అని ధ్రువపత్రమున్న మార్కు. విషవాయువులు వదలని రంగులకు మార్కు. ఆలయములకు సైతము ఈ మండలి గుర్తింపు ఇచ్చుచున్నది. కృష్ణశిలతో పునర్నిర్మితమై 2022 మార్చి 28న పునఃప్రారంభమైన యాదాద్రి శ్రీ లక్ష్మీనరసింహస్వామి ఆలయమునకు అదే సంవత్సరము అక్టోబరులో హరిత ఆరాధనా స్థలమను గుర్తింపు లభించినది.

మన ఆలయమున జరిగినది

మన ఊరి ఆడపడుచు కుమారుడు, హైదరాబాదులో ఇంజనీరు, ఈ మార్కుల పట్టికను తెచ్చి కమిటీ పెద్దల ముందు పెట్టినాడు. నాకు కోపము వచ్చినది. "నాయనా, దేవుని గుడికి మార్కులు వేయుటకు మనమెవరము?" అంటిని. అతడు నొచ్చుకొనక, "గురువుగారూ, మార్కులు గుడికి కాదండి, కట్టే మనకు" అన్నాడు. ఆ రాత్రి పట్టికను ముందు పెట్టుకొని చదివితిని. ప్రమాణము, ద్రవ్యము మార్చవద్దన్న పురాణవాక్యము, ఉన్నదానిని నిలుపుమన్న మొదటి మార్కు ఒకటే అనిపించినది. చెట్టును అడిగి కొట్టుమన్న వరాహమిహిరుని మాటకు, కొయ్యకు ధ్రువపత్రము అడుగుటకు దూరము ఎక్కువ లేదు.

అయినను మాకిద్దరికి మూడు చోట్ల భేదము వచ్చినది.

మొదటిది నేల. 1976లో ప్రారంభమైన హైదరాబాదు బిర్లామందిరపు తెల్లని పాలరాయిని చూచిననాటినుండి మన ప్రదక్షిణ మార్గమునకును రాజస్థాన్ పాలరాయి పరిపించవలెనని నా కోరిక. ఒక దాత ముందుకు కూడ వచ్చినారు. ఇంజనీరు దూరము లెక్క చెప్పి పల్నాటి నాపరాయి చాలునన్నాడు. వేసవిలో నాపరాయి కాళ్లు కాల్చును, మడితో తిరుగు ముసలివారి పాదముల సంగతి ఏమని నేనడిగితిని. అతని వద్ద వెంటనే సమాధానము లేదు. కొన్ని దినములకు మరల వచ్చి, ప్రాకారపు దక్షిణమున విస్తరణ కొరకు కొట్టివేయుటకు గుర్తు పెట్టిన ముసలి మామిడిని, రెండు వేపలను ఉంచినచో మార్గమునకు మధ్యాహ్నము నీడ పడునని గీసి చూపినాడు. మండపమును ఆరడుగులు జరిపితిమి. చెట్లు నిలిచినవి. నా పాలరాతి కోరిక నేను విడిచితిని. ఆ దాత పెద్దమనసుతో ఆ సొమ్మును సున్నపు పనికి మార్చినారు. చుట్టుపట్ల మామిడితోటలు కొన్ని పామాయిలు తోటలుగా మారుచున్న ఈ కాలమున, కనీసము దేవుని ప్రాంగణమునందైన ఒక మామిడి నిలిచి తోరణమునకు ఆకు ఇచ్చుచున్నదన్న తృప్తి మిగిలినది.

రెండవది పాత ధ్వజస్తంభము. రేకు విప్పి చూడగా అడుగున చెదలు తిన్నది, పైభాగము గట్టిగనే ఉన్నది. దానిని కోసి బల్లలు చేయవచ్చునని అతనన్నాడు. ఇచ్చట నేను ఒప్పుకొనలేదు. ధ్వజము మోసిన కొయ్య కూర్చుండు బల్ల కాజాలదు. దానిని యజ్ఞశాలలో అగ్నికే సమర్పించితిమి. అతడు మారుమాట లేక తలవంచినాడు. కొత్త స్తంభమునకు నిటారైన నారేప మ్రాను దొరకుట ఎంత కష్టమో ఈ పర్యాయము తెలిసినది. అడవి నుండి అనుమతితో తెచ్చిన మ్రానుకు యథావిధి పూజ చేసితిమి. ఒక మ్రాను తీసుకొన్నందుకు చెరువుగట్టున పదకొండు నారేప మొక్కలు నాటించితిమి. అవి ధ్వజస్తంభమునకు అందివచ్చునాటికి మనలో ఎవరమును ఉండము. ఆ నాటి అర్చకుడు వెదకుకొనకుండ ఉండుటయే మన కోరిక.

మూడవది పాత రాళ్లు. పూజ పొందిన పీఠముల విధి వేరు, ప్రాకారపు గోడరాయి విధి వేరు అని మా గురువుల వద్ద విన్నది. కనుక విరిగిన బలిపీఠమును నీటికి అప్పగించి, ప్రాకారపు రాళ్లను మాత్రము కడిగి, అంకెలు వేసి, మరల గోడకే వాడితిమి. ఈ విషయమున ఇద్దరమును తృప్తిపడితిమి.

గర్భాలయమును పడగొట్టి కాంక్రీటుతో కట్టుడని చెప్పినవారు పలువురు ఉండిరి. త్వరగా అగును, ఖర్చు తగ్గునని వారి వాదన. అందు అసత్యము లేదు. డంగుసున్నము తెలిసిన మేస్త్రీలను వెదకుటకే నాలుగు నెలలు పట్టినది. దొరికిన పెద్దమేస్త్రి డెబ్బది దాటినవాడు. సున్నము మాగనిదే చేయి పెట్టనన్నాడు. కరక్కాయ, బెల్లము నానిన నీరు సున్నమున కలిపి, పూతపై పూత ఆరనిచ్చుచు పని నడిపినాడు. అందువలన ముందు నిర్ణయించిన ముహూర్తము దాటిపోయినది. నన్ను నిందించిన వారును ఉన్నారు. పడమటి గోడలో శిథిలమైన ఇటుకను మాత్రము తీసి, అదే కొలతతో కాల్పించిన ఇటుకను అమర్చినారు. ఆ మేస్త్రి వద్ద మన మండలపు యువకులు ఇద్దరు పని నేర్చినారు. ఈ జీర్ణోద్ధరణలో ఉద్ధరింపబడిన వానిలో ఆ విద్య కూడ ఒకటి అని నా నమ్మకము.

అన్నదాన మండపము, స్నానపు గదులు మాత్రము సిమెంటుతోనే కట్టితిమి. గోడలకు బూడిద ఇటుక వాడితిమి. థర్మల్ విద్యుత్కేంద్రముల బూడిదను సమీపపు ఇటుకలలో వాడవలెనని కేంద్ర ప్రభుత్వము 1999లో 50 కిలోమీటర్ల పరిధితో ఉత్తర్వు చేసి, తరువాత ఆ పరిధిని పెంచినది. ఇబ్రహీంపట్నము విద్యుత్కేంద్రము ఉన్న మన ప్రాంతమున ఈ ఇటుక సులభముగ దొరకును. దీనికి పొలములోని మేలిమట్టి తవ్వనక్కరలేదు, బట్టీలో కాల్చనక్కరలేదు. భస్మము శివునికి ప్రియమైనదని మా మేస్త్రి హాస్యమాడినాడు.

ధ్రువపత్రము కొరకు దరఖాస్తు చేయుదమా అను ప్రశ్న చివరి సమావేశమున వచ్చినది. రుసుములు, కొలతలు, కాగితములు మన చిన్న ఆలయమునకు భారమని, ఆ సొమ్ముతో కోనేటి పూడిక తీయించుట మేలని పెద్దలు నిశ్చయించినారు. ఇంజనీరు కొంత నిరాశపడినను, పట్టికను ఆలయ కార్యాలయమున ఉంచి వెళ్లినాడు. ఇకముందు ఏ మరమ్మతు జరిగినను ఆ పట్టికను ఒకసారి చూడవలెనని తీర్మానపు పుస్తకమున వ్రాసితిమి.

భక్తులకు మనవి

2010 మే 26న శ్రీకాళహస్తి రాజగోపురము కూలినది. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురము మన కన్నులముందు నేలపాలైనది. దానిని తిరిగి కట్టి 2017లో కుంభాభిషేకము జరిపినారు. చిన్న పగులును చిన్నగా ఉన్నపుడే చూడవలెనను హెచ్చరిక అందరి ఆలయములకును అందినది.

కనుక మీకు నా విన్నపము ఇది. గోడలకు సున్నమే వేయుడు, నూనె రంగులు దానమీయకుడు. శిల్పములున్న స్తంభములకు పలకరాళ్లు అతికించకుడు, ఇసుకను యంత్రముతో చిమ్మి రాతిని శుభ్రపరచనీయకుడు. పేరు చెక్కిన కొత్త రాతిని ఇచ్చుటకంటె పాత గోడకు ఒక బుట్ట సున్నమిచ్చిన దాత పుణ్యము తక్కువ కాదు. లక్క, గుగ్గిలము, మైనము, వెన్న మొదలగువానితో దంచి పెట్టిన అష్టబంధనమును పన్నెండు సంవత్సరములకొకసారి మరల చేయవలెను. ఆ నాటికి నేను ఈ సన్నిధిలో ఉందునో లేదో. మీ పిల్లలు ఉందురు. పడమటి గోడపై చేయి పెట్టి చూడుమని వారికి చెప్పుడు. అది పొడిగా ఉన్నచో మనము చేసినది సరియైనదని వారికి తెలియును. తడిగా ఉన్నచో, మొగమాటము లేక పూత విప్పి చూడుమనుడు.

స్వామివారి అనుగ్రహము మీ అందరికిని కలుగుగాక. శుభం భూయాత్.